కంటికి కనిపించే లెక్క

గోదావరికి పెద్ద వరద వస్తే ఏ ఊళ్లు మునుగుతాయో ఇవాళ కంప్యూటరు తెరమీద ముందుగానే చూడవచ్చు. బొమ్మలో నీలిరంగు కదులుతుంది, గట్టు దాటుతుంది, ఊళ్లను కప్పుతుంది. చూసినవాడు "ఇదిగో, ఇంతవరకే వస్తుంది" అంటాడు. ఈ "ఇంతవరకే" అన్న మాటను మనం పరీక్షించవలసి ఉంది.

మన తార్కికులు ప్రత్యక్షాన్నీ, అనుమానాన్నీ వేరు ప్రమాణాలుగా ఎంచారు. పొగ కనిపించడం ప్రత్యక్షం; అక్కడ నిప్పున్నదని తేల్చడం అనుమానం. అనుమానాన్ని హేతువేమిటని నిలదీయవచ్చు. కళ్లెదుట కనబడేదాన్ని అట్లా ఎవరూ నిలదీయరు. తెరమీది వరద నిజానికి అనుమానమే. నేల ఎత్తుపల్లాలు, నదీగర్భపు గరుకుదనం, పైనుంచి వచ్చే ప్రవాహం అంకెలుగా ఇస్తే, సమీకరణాలు నీటిమట్టాన్ని గంటగంటకూ లెక్కగడతాయి. ఆ లెక్కకు రంగూ, కదలికా తొడిగేసరికి అది ప్రత్యక్షం వేషం వేసుకుంటుంది.

ఇది ఉత్త తర్కచర్చ కాదు. పోలవరాన్నే చూడండి. 1980 నాటి గోదావరి ట్రైబ్యునలు తీర్పులో స్పిల్‌వేకు అనుకున్న వరద 36 లక్షల క్యూసెక్కులు. 2006లో కేంద్ర జలసంఘం దాన్ని 50 లక్షలు చేసింది. ఏ అంకె వేస్తే ఆ బొమ్మ వస్తుంది. నీరు వెనక్కి ఎంతదూరం ఎగదన్నుతుందన్న తగాదా సుప్రీంకోర్టు కెక్కింది. ఆ రెండు బొమ్మల నడుమ ఉన్నవి కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మొదటిదశ ముంపుకు గీసిన 41.15 మీటర్ల గీతకు పైనున్న ఊళ్లలోకి కూడా నీరొచ్చిందని నిర్వాసితులు మొరపెట్టుకున్నారు. నిలిచిన నీటికి గీసిన గీత పారే వరదకు హద్దు కాలేదు.

అంతమాత్రాన బొమ్మే వద్దనడం అజ్ఞానం. పట్టికల్లో దాగిన లెక్కను చదువురానివాడి కళ్లముందుకు తెచ్చే సాధనమది. దాన్ని ఇంజనీర్ల గదిలోనే ఉంచడం అన్యాయం. ఏ ప్రవాహం తీసుకున్నారు, నేలను ఎప్పుడు కొలిచారు, ఏది వదిలేశారు అన్న హేతువులు బొమ్మ పక్కనే ఉండాలి. అంకె మారితే బొమ్మ ఎట్లా మారుతుందో కూడా చూపాలి. 1986 ఆగస్టు వరదలో నీళ్లు తన ఇంటి ఏ మెట్టుదాకా వచ్చాయో చెప్పగల లంక ముసలివాడి సాక్ష్యంతో లెక్కను సరిచూసుకోవాలి.

నీలిరంగు కింద ఇల్లున్నవాడికి "ఆ అంకె మార్చి చూపండి" అని అడిగే హక్కు రానంతకాలం, బొమ్మ ఎంత చక్కగా కదిలినా అది శాస్త్రం పేరిట సాగే పెత్తనమే.