ప్రేమ నీది, చాకిరీ అమ్మది

అమ్మడూ,

వాట్సాప్‌లో పంపిన బబ్లూ ఎక్స్‌రే, ఎకో రిపోర్టు చూశాను. ఉద్యోగమంతా ఆవులతో గేదెలతో గడిపినవాణ్ని, మోతాదుల జోలికి పోను. అవి మీ డాక్టరుగారు చెప్పినట్టే.

చిన్న జాతి కుక్కలకు పెద్దవయసులో వచ్చే గుండెజబ్బుల్లో ఎక్కువ భాగం మన బబ్లూకి వచ్చినదే. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమెక్కి సరిగ్గా మూసుకోదు. గుండె ముడుచుకున్నప్పుడల్లా కొంత రక్తం వెనక్కి చిమ్ముతుంది. డాక్టరుగారు విన్న ‘మర్మర్’ ఆ చప్పుడే. పై గది సాగిపోయి, ఒత్తిడి ఊపిరితిత్తుల దాకా పాకి, అక్కడ నీరు చేరుతుంది. మాత్రలతో నీరు తగ్గుతుంది, గుండెకు కాస్త ఊతం దొరుకుతుంది, కవాటం మాత్రం బాగుపడదు. ఈ దశకు వచ్చిన కుక్కల మీద జరిపిన క్వెస్ట్ అనే అధ్యయనం 2008లో అచ్చయింది. పిమోబెండాన్ అనే మందు వాడిన వాటిలో సగం 267 రోజులు నెట్టుకొచ్చాయి, బెనాజెప్రిల్ అనే ఇంకో మందు వాడిన వాటికి ఆ లెక్క 140. అంతకు మించి చాలాకాలం ఉన్నవీ ఉన్నాయి. చదువుకున్నదానివి, నీ దగ్గర దాచడం మర్యాద కాదనిపించింది.

నువ్వు రెండ్రోజులు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది, నీతో అనొద్దని. అంటున్నాను. రాత్రి రెండింటికి బబ్లూ దగ్గితే లేచేది ఆవిడ. నీరు తగ్గించే ఫ్యూరోసిమైడ్ వేసిన గంటకల్లా హాల్లో మూత్రం పోస్తే తుడిచేది ఆవిడ. డిగ్రీలో ఉండగా కుక్కను ఇంటికి తెచ్చింది నువ్వు. ప్రేమ నీది, చాకిరీ అమ్మది. ధర్మరాజు కుక్కను వదలని కథ పోస్టు పెట్టావట. ఆయన మాట మీద నిలబడాల్సింది ఒక్క పూట. నీకు రోజూ రెండు పూటలా మాత్ర వేసే పని ఉంది, పన్నెండేసి గంటల ఎడంతో. పిమోబెండాన్ అయితే తిండికి గంట ముందు.

రాత్రి ఆఫీసు కాల్స్ కోసం ఎలాగూ మేలుకుంటావు కనుక ఊపిరి లెక్క నీ వంతు. బబ్లూ గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని డొక్కలు చూడు. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. ఫోన్లో నిమిషం పెట్టుకుని లెక్కపెట్టు. కాళ్లు ఆడిస్తూ కల కంటుంటే ఆగు, ఆ లెక్క పనికిరాదు. వంటింటి క్యాలెండర్లో, పాల లెక్క పక్కనే, ఆ తేదీ గడిలో అంకె వెయ్యి. ముప్ఫై లోపు ఉంటే నిశ్చింత. ఎప్పుడూ ఇరవై రెండు, ఇరవై నాలుగు ఉండేది వరసగా ముప్ఫై దాటుతుంటే డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. నలభై దాటినా, పడుకోలేక మోచేతులు ఎడంగా పెట్టి కూర్చున్నా, చిగుళ్లు నీలంగా కనిపించినా తెల్లారేదాకా చూడొద్దు. ఆటో దొరకలేదంటే ఎవరిని లేపాలో ఇవాళే అనుకుని ఉంచు.

నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. హాలు తడిసిపోతోందని నీళ్లు తగ్గిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మందు మనమే వేసి, దాని ఫలితానికి కుక్కను కసిరితే అంతకన్నా అన్యాయం లేదు. పాత పేపర్లు పరిచి, మాత్ర వేశాక రెండుమూడుసార్లు కిందికి తీసుకెళ్లు. మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ కొను. ఎండాకాలం నడక పొద్దెక్కకముందే.

ఇక తిండి. “పాపం, ఎంత ఆశగా చూస్తోందో” అంటూ అప్పడం ముక్క, చిప్సు, ఊరగాయ కలిసిన పెరుగన్నం పెట్టేది మీ నాన్న. ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలుస్తుంది, రాత్రికి ఆయాసం దానిది. పెట్టినవాడికి మాత్రం మనసు తేలికపడుతుంది. మన దిగులు తీర్చుకోడానికి చేసేదేదో, దాని బాధ తగ్గించేదేదో వేరుచేసి చూసుకోవాలి, అమ్మడూ. మనుషుల దగ్గరా ఇది కష్టమే. అలాగని కడుపు మాడ్చకండి, చిక్కిపోవడమూ ప్రమాదమే. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, అన్నం చాలు. కుంటుతోందని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేస్తారేమో, జాగ్రత్త. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టనీ కిడ్నీలనీ పాడుచేస్తాయి.

డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడకు. ప్రతినెలా ఎంతవుతుందో డాక్టరుగారిని అడుగు. ఏ పరీక్ష తప్పదో, ఏది ఆగుతుందో ఆయన చెబుతారు. ఇంకోటి కూడా అడిగి ఉంచుకో: మందులు పనిచేయని రోజు వస్తే ఏం చేయాలని. తిండి మానేసి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే స్థితి వస్తే, ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చమనడం పాపమని నేననుకోను. నీకు తోడు కావాలని దాన్ని అలా ఇంకో వారం ఉంచడమే నాకు తప్పుగా తోస్తుంది. మీ ముగ్గురూ కూర్చుని ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ రాత్రి ఎవరికీ బుర్ర పనిచేయదు.

వచ్చే నెల పెళ్లికి విశాఖ వస్తారు కదా. బబ్లూని ఎక్కడ ఉంచాలో అమ్మ నెత్తిన పెట్టకుండా నువ్వే చూడు. మాత్రల పేర్లు, వేళలు, డాక్టరుగారి నంబరు తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించు. కిడ్నీ రక్తపరీక్ష పెళ్లికి ముందే చేయించు.

మీ మామయ్య