ఈశ్వరుడు నిర్దయుడా?

రామచంద్రపురమునకు చేరువనే ద్రాక్షారామ క్షేత్రము కలదు. కార్తిక సోమవారములందు తెలతెలవారుచుండగనే చుట్టుపట్ల పల్లెలనుండి భక్తులు వచ్చి, సప్తగోదావరీ తీర్థమున మునిగి, తడిబట్టలతోనే భీమేశ్వరస్వామిని, మాణిక్యాంబాదేవిని సేవించుకొందురు. వారిలో బిడ్డ కలిగినందుకు మ్రొక్కు చెల్లించువారుందురు. కలిగిన బిడ్డను పోగొట్టుకొన్నవారును ఉందురు. మొదటివారికి దైవము కలడని ఎవ్వరును చెప్పనక్కరలేదు. రెండవవారు మాత్రము దీపము వెలిగించుచునే లోలోపల ఇట్లనుకొందురు: "స్వామీ! నీవు అన్నియు చేయగలవాడవే, దయామయుడవే. మరి నాకీ గతి ఏల పట్టించితివి?"

ఇట్లడిగినవారిని నాస్తికులని త్రోసివేయుట తగదు. దైవము లేడనుకొన్నవానికి దైవముమీద ఫిర్యాదు ఉండదు గదా! ప్రశ్న మాత్రము బలమైనదే. లోకమున దుఃఖము కలదు, అధర్మము కలదు. దానిని తొలగింప నేరనివాడైనచో ఈశ్వరుడు సర్వశక్తుడు కాజాలడు. నేర్చియు తొలగింపనివాడైనచో దయాళువు కాజాలడు. ఐరోపా ఖండమున ఈ వాదము గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ పేరిట ప్రసిద్ధి చెందినది. 1755వ సంవత్సరము నవంబరు 1వ తేదీన, పండుగనాడు, జనులు చర్చిలలో ప్రార్థన చేయుచుండగా లిస్బన్ నగరము భూకంపమున కూలినప్పుడు అచ్చటి పండితలోకమంతయు ఈ ప్రశ్నతోనే కలత చెందినది.

మన పూర్వులు ఈ ఆక్షేపణను దాచిపెట్టలేదు. బాదరాయణ మహర్షి బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ ప్రథమపాదమున దీనికొక అధికరణమునే కేటాయించినాడు. దానికి వైషమ్య నైర్ఘృణ్యాధికరణమని పేరు. వైషమ్యమనగా పక్షపాతము, నైర్ఘృణ్యమనగా దయలేమి. ఒకనిని భాగ్యవంతునిగను, వేరొకనిని దరిద్రునిగను పుట్టించిన ఈశ్వరునకు పక్షపాతము అంటదా? ప్రాణులకు ఇంత బాధ కల్పించినవానికి క్రౌర్యము అంటదా? ఇది పూర్వపక్షము. అంటవని సిద్ధాంతము. ఈశ్వరుడు ప్రాణుల కర్మ ననుసరించియే సృష్టి చేయుచున్నాడు; తన ఇచ్చ వచ్చినట్లు కాదు. శంకరభగవత్పాదులు దీనికి మేఘమును దృష్టాంతముగా చూపిరి. వాన అన్ని పైరులకు సమానమే. పైరులలోని భేదము విత్తనములవలన కలుగుచున్నది. గోదావరి మండలపు రైతునకు ఈ మాట వేరుగ బోధింపనక్కరలేదు. ఒకే కాలువనీరు చెరకున తీపియగుచున్నది, గట్టుమీది వేపచెట్టున చేదగుచున్నది. ఆ చేదునకు కాలువను నిందించు రైతు లేడు.

మొట్టమొదటి సృష్టియందు కర్మ ఎచ్చటనుండి వచ్చినదని అడుగవచ్చును. సంసారమునకు మొదలే లేదనియు, బీజాంకురములవలె కర్మయు జన్మయు ఒకదానివెంట నొకటి వచ్చుచున్నవనియు సూత్రకారుడే తరువాత సమాధానము చెప్పినాడు.

ఇంతవరకు శాస్త్రము. ఈ శాస్త్రమును ఎచ్చట ప్రయోగింపవలెనో తెలియకపోవుటవలననే పెద్ద పొరపాటు జరుగుచున్నది.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి గోదావరి తీరమును తాకిన తుఫానును ఈ ప్రాంతమువారు మరువలేరు. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వేటకు పోయిన మత్స్యకారులలో అనేకులు తిరిగి రాలేదు. తరతరముల కొబ్బరితోటలు ఒక్కరాత్రిలో నేలకొరిగినవి. అట్టి సమయమున భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలియెదుట నిలిచి, "అమ్మా, ఇది నీ పూర్వజన్మ కర్మఫలము" అని చెప్పువాడు శాస్త్రము చెప్పినవాడగునా? కాడు. ఆ అధికరణము ఈశ్వరునిపై మోపబడిన దోషమును తొలగించుటకు ఏర్పడినది; ఆ దోషమును తెచ్చి దుఃఖితురాలి తలపై పెట్టుటకు కాదు. ఆమె ఏ జన్మమున ఏమి చేసెనో చెప్పినవానికి తెలియదు. కర్మగతి గహనమని గీతాచార్యుడు హెచ్చరించియున్నాడు. తెలియని నేరమునకు తీర్పు చెప్పుట న్యాయస్థానములందే తప్పు. శోకగృహమున అది పాపము.

కర్మసిద్ధాంతము ఎవనికి వాడు తనకు చెప్పుకొనవలసిన మాట. తనకు కష్టము వచ్చినపుడు, "ఇది నేను అనుభవించి తీర్పవలసిన ఋణము, ఇకమీద చెడువిత్తనము చల్లరాదు" అని అనుకొన్నవానికి అది ధైర్యమునిచ్చును. ఇతరుని కష్టమునకు దానిని అన్వయించినచో అది చేతులు ముడుచుకొని కూర్చుండుటకు సాకగును. ఒకే ఔషధము ఒకనికి పథ్యము, వేరొకనికి విషము అయినట్లే ఇదియు.

దుఃఖము కర్మఫలమైనచో దానిని తొలగింపబోవుట ఈశ్వరసంకల్పమునకు అడ్డుపడుట కాదా యని కొందరు శంకింతురు. అన్నము లేనివాడు వాకిట నిలిచినపుడు వాని ఆకలి వాని కర్మవలన వచ్చియుండవచ్చును. పెట్టవలసిన ధర్మము మాత్రము గృహస్థునకు ఆ క్షణముననే వచ్చినది. ఆకలిని ఎరిగిన ఈశ్వరుడే ఆ గడపను, ఆ గృహస్థుని చేతిని గూడ ఎరుగును.

ఈ మండల చరిత్రయే దీనికి సాక్ష్యము. 1832-33 నాటి నందన కరవు తెలుగునాట ఎందరినో పొట్టన పెట్టుకొన్నది. ఆ కాలమున గోదావరి జలము కన్నులయెదుటనే సముద్రములో కలియుచుండగా తీరమున జనులు క్షామముతో అలమటించిరి. నదిని ఇచ్చినవాడు దైవము. ఆ నీటిని చేనికి మళ్లింపవలసిన పని మానవునిది. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో ఆ పని నెరవేరినది. ఆ నిర్మాణమును నడపిన కాటను దొరను రైతులు నేటికిని కృతజ్ఞతతో తలచుకొందురు. లోకమున దైవకృత మనుకొన్న దుఃఖమునందు మానవుల ఉపేక్ష ఎంత కలిసియున్నదో దీనివలన తెలియుచున్నది.

1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున మెట్టిన డొక్కా సీతమ్మగారి చరిత్రము వేరొక సాక్ష్యము. 1909లో శివైక్యము చెందువరకు ఆ తల్లి వేళగాని వేళ వచ్చినవారికిని, కులము అడుగక అన్నము పెట్టినది. లోకమున ఆకలి ఏల కలదను ప్రశ్నకు ఆమె గ్రంథము వ్రాయలేదు. ఆమె పొయ్యి ఆరలేదు. దైవమునందు దయ కలదా యని సందేహించుచు వచ్చిన బాటసారి ఆ విస్తరిముందు కూర్చున్నపుడు సందేహము కొంతయైన తీరియుండదా?

అయినను దుఃఖితుని నోట నిష్ఠురము వచ్చినచో ఏమనవలెను? భారతమున అరణ్యపర్వమును చూడుడు. నిండుసభలో అవమానింపబడి అడవులపాలైన ద్రౌపది ధాతనే నిందించినది. పిల్లవాడు బొమ్మలతో ఆడుకొనునట్లు విధాత ప్రాణులతో ఆడుకొనుచున్నాడని పలికినది. ధర్మరాజు ఆ మాటలను ఖండించినాడు. ఆమెను మాత్రము త్యజింపలేదు. తాను ఫలమాశించి ధర్మము చేయుట లేదనియు, ఫలమునకై ధర్మము చేయువాడు ధర్మముతో బేరమాడు వర్తకుడనియు చెప్పినాడు. పిదప ద్రౌపది, ధర్మమును తాను తిరస్కరించుట లేదనియు, ఆర్తితో అట్లు పలికితిననియు ఒప్పుకొన్నది. ఆర్తుని నిష్ఠురమును వ్యాసభగవానుడు గ్రంథమునుండి తొలగింపలేదు. కావున దానిని వినుటకు మనకును ఓర్పు ఉండవలెను.

ఇక ద్రాక్షారామ స్థలకథను స్మరింపుడు. దక్షుడు యజ్ఞము చేసిన చోటు ఇదియేనని పెద్దల విశ్వాసము. దేవతలు కూర్చున్న సభలోనే ఒక తండ్రి అహంకారముతో అల్లుని నిందించెను. వారించి నిలిపిన వారు లేరైరి. సతీదేవి శరీరము విడిచెను. ఆ వార్త విన్న పరమేశ్వరుడు శోకించెనని పురాణములు చెప్పుచున్నవి. అధర్మము దైవముయొక్క ఇంటిగడపను గూడ తాకినదన్నమాట. బిడ్డను పోగొట్టుకొని ఈ క్షేత్రమునకు వచ్చిన తల్లి దుఃఖము ఎరుగని దైవముయొద్దకు వచ్చుట లేదు.

కావున ఈశ్వరవిశ్వాసమునకును, లోకమున దుఃఖమున్నదను సత్యమునకును విరోధము లేదు. తర్కముతో అడిగినవానికి సూత్రభాష్యములు కలవు. తన కష్టమును తాను మోయవలసినవానికి కర్మసిద్ధాంతము ఊతకర్ర. ఎదుటివాని కష్టమునకు మాత్రము ఈ రెండును చాలవు. అచ్చట చేయి చాపవలెను. వచ్చు కార్తికమున దీపము వెలిగించునపుడు ప్రక్కన నిలిచి కన్నీరు పెట్టుకొనువారు కనబడినచో వారికి ఏ సిద్ధాంతమును చెప్పనక్కరలేదు. వారి ప్రమిద గాలికి ఆరకుండ రెండుచేతులు అడ్డుపెట్టిన చాలును.