మనుష్య ఋణము

కోటగిరి ప్రాంతమున కాలువ గట్టుపై నిలిచి వరిచేలను చూచువారికి సంతోషము కలుగుట సహజము. ఈ నీరు మంజీరా నదిది. నిజాము ప్రభుత్వము 1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ ఆనకట్ట నారంభించి 1931లో ముగించెను. నవాబ్ అలీ నవాజ్ జంగు ఆ నిర్మాణమునకు సూత్రధారి. నిజాంసాగరమునకు చోటిచ్చుటకై 40 గ్రామములు ఖాళీ చేయబడెను. కాలువ నెరిగినంతగా మనమా గ్రామముల నెరుగము. పలువురి మేలునకై కొందరు ఊరు విడిచినప్పుడు, మేలు పొందినవారు వారికి ఋణపడుదురా?

ఈ ప్రశ్న స్కాట్లాండు కొండలలోను పుట్టినది. అచ్చటి పల్లెలవారు మంచి నేలయు చెడు నేలయు అందరికి దక్కునట్లు మళ్లను వంతులు వేసికొని సేద్యము చేసెడివారు. కొండమేత ఉమ్మడి. సదర్లాండు జమీందారీవారు 1814లోను 1819లోను స్ట్రాత్‌నేవరు లోయనుండి అట్టి కుటుంబములను వెడలగొట్టి, నేలను గొర్రెల మందలకిచ్చిరి. రోసాల్ అను పల్లెలో ఇండ్ల మొండిగోడలు నేటికిని గడ్డిలో కనబడును. ఆ పనికి వారు పెట్టిన పేరును అభివృద్ధియే.

రెండును సమానములు గావు. అచ్చట లాభము జమీందారుది. ఇచ్చట వేలాది కుటుంబములకు అన్నము లభించినది. ఆనకట్ట తప్పని నేననను. కాని ప్రయోజనము గొప్పదైనంతమాత్రమున ఋణము తీరునా? ఎక్కువ పొందినవాడే ఎక్కువ ఋణస్థుడు గదా! ఎకరమునకు వెల కట్టవచ్చును. బంచరాయిలో పశువులు మేసిన హక్కునకు, కష్టమునాడు పిలువకయే వచ్చిన ఇరుగుపొరుగునకు, కల్లమున కమ్మరి, వడ్రంగులు పొందిన పాలునకు వెల యెవరు కట్టగలరు? పరిహారము ఒక్కొక్కరి చేతిలో పడును, ఊరు అందరిది. విడివిడిగా నిచ్చిన సొమ్ము ఉమ్మడిగా పోయినదానిని పూరింపజాలదు.

చట్టము ఆలస్యముగా మేల్కొనును. స్కాట్లాండు కొండరైతులకు 1886 చట్టము నిలుకడ హక్కు నిచ్చునాటికి రోసాల్ పాడుపడి దాదాపు 70 ఏండ్లు గడచినవి. మన దేశమున 2013 నాటి భూసేకరణ చట్టము, భూమిలేని కూలీలకును పునరావాసపు హక్కు కలదని యొప్పుకొన్నది. మంజీరా తీరమున ఇల్లు విడిచిన నాటివారికి అది అక్కరకు రాలేదు.

శతపథ బ్రాహ్మణము దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్య ఋణమునుగూడ చెప్పినది. ఆశ్రయమిచ్చియు అన్నము పెట్టియు దానిని తీర్పవలెనట. ఆ గ్రామములవారు తమ ఆశ్రయమును విడిచి మనకన్నము పెట్టిరి. వారి ఊళ్ల పేర్లనైన వృద్ధుల నడిగి వ్రాసి, పిల్లలకు చెప్పుట మన మొదటి బాకీ. రేపు మరియొక యూరు కదలవలసివచ్చినప్పుడు, నీటికై కాక ఆ యూరివారికై మనము ముందుగా నోరు విప్పుట రెండవది.