కావలివాళ్లకు పోసే మత్తు

“నా డబ్బు, నా ఒళ్లు, నా ఇష్టం” అని తాగేవాడంటే ఏమని బదులు చెప్పగలం?

సింగపూరు ప్రభుత్వం తన హద్దులో ఒక బదులు చెప్పింది. 2013 డిసెంబరు 8న లిటిల్ ఇండియాలో అల్లర్లు జరిగాక కొత్త చట్టం తెచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి రాత్రి 10.30 మొదలు ఉదయం 7 వరకు బహిరంగ స్థలాల్లో తాగరాదన్నది. లిటిల్ ఇండియా, గేలాంగులలో శని, ఆదివారాలు పగలు కూడా కూడదన్నది. చట్టం వీధిని కాస్తుంది. ఒంటి లోపలి సంగతి మన వివేకానికే వదిలింది.

ఒంటి లోపలా కావలివాళ్లున్నారు. ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాలు లోపలికి వచ్చిన సూక్ష్మజీవులను పట్టి మింగుతాయి. అతిగా తాగేవారిలో ఆ మింగే శక్తి సన్నగిల్లుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కూడా అవసరమైన చోటికి వేళకు చేరలేవు. ఒక్క రాత్రి మితిమీరి తాగినా కొన్ని గంటలపాటు ఈ కాపలా మందగిస్తుంది. రోజుకు 40 గ్రాములకు మించి ఆల్కహాలు, అంటే ఇంచుమించు మూడు బీరు డబ్బాలకు పైగా తాగేవారికి క్షయ వచ్చే ముప్పు సుమారు మూడు రెట్లని 2008లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది.

క్షయ గాలి ద్వారా పాకుతుంది. ఒకడి కావలి నిద్రపోతే ఆ ముప్పు పక్క మంచం మీది వాడికీ, ఇంట్లో పసిబిడ్డకూ తగులుతుంది. కాబట్టి “నా ఒళ్లు” అన్నమాట సగమే నిజం. తాగుడు తాగేవాడొక్కడి వ్యవహారం కాదని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించి చాటనే చాటారు.

అయితే ఈ మాట ఎవరికి చెబుతున్నాం? ఆరుబయట తాగే కూలీ సోదరుణ్ణి చూసి మొహం చిట్లిస్తాం. మన ఇంటి విందులో విస్కీ సీసా తెరిస్తే సరదా అంటాం. వీధిలో తాగరాదన్న నిబంధన బరువు ముఖ్యంగా కూర్చోడానికి సొంత గది లేనివాడి మీదే పడుతుంది. తెల్లకణానికి మాత్రం సారా, విస్కీ అన్న తేడా లేదు.

అతనికి నీతి చెప్పే ముందు మన విందుల్లో సీసా పక్కన పెట్టగలమా? వారాల తరబడి దగ్గుతున్న మనిషి కనబడితే తాగుబోతని తప్పుకోకుండా డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకు వెళ్లగలమా? ఈ రెండూ చేయగలిగిన నాడే అతనితో మాట్లాడే అర్హత మనకు వస్తుందని మా నమ్మకం.