విత్తనం వెనక చెయ్యి



నీ చొక్కా ఏ దేశంలో కుట్టారో మెడపట్టీ మీద రాసి ఉంటుంది. ఆ పత్తికి విత్తనం ఎవరి చేతుల్లో తయారైందో ఎక్కడా రాసి ఉండదు.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేలల్లో 1990ల నాటికే కంపెనీల కోసం హైబ్రిడ్ పత్తి విత్తనం పండించేవారు. ఈ పని తేనెటీగలకు వదిలేస్తే కుదరదు. సాయంత్రం ఆడ మొక్క మీద ఒక్కో మొగ్గా ఒలిచి పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి రుద్దాలి. ఇట్లా నెలల తరబడి. ఈ క్రాసింగ్ పనికి ఎక్కువగా పెట్టింది బడి మానిన ఆడపిల్లల్ని. "చిన్న వేళ్లయితే పని నాజూగ్గా అవుతుంది" అనేవారు. అసలు సంగతి వేరు. వాళ్లకు కూలి తక్కువ. ఇంట్లోవాళ్లు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. విదేశీ కంపెనీ జన్యువు, 450 గ్రాముల ప్యాకెట్టు. వెనక మాత్రం అదే చిన్న చెయ్యి.

తప్పెవరిది? కంపెనీ "కూలికి పెట్టింది రైతు గదా" అంటుంది. రైతు "వాళ్లిచ్చే రేటుకు పెద్దోళ్లు రారు" అంటాడు. తండ్రి అప్పు చూపిస్తాడు. తొడుక్కునే మనకు అసలు తెలియనే తెలియదు.

ప్రతిదీ కారణాల మీద ఆధారపడి పుడుతుందని ధమ్మం చెప్తుంది. దీన్ని సాకుగా వాడుకోవద్దు. కారణం పదిమందిదైతే బాధ్యత ఎవరిదీ కాదని కాదు, పదిచోట్ల తెంచవచ్చని అర్థం. యజమాని తన పనివాళ్లకు వాళ్ల శక్తికి తగిన పనే అప్పగించాలని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థుకు బోధించాడు. పదేళ్ల పిల్ల శక్తికి తగిన పని ఏది? చదువు.

ప్రపంచీకరణ అంతా చెడ్డదని అనడం లేదు. ఈ సంగతి విదేశాల్లో బయటపడి జనం నిలదీశాకే కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టకూడదని ఒప్పందాల్లో రాశాయి. సరుకు పోయిన దారినే ప్రశ్న కూడా తిరిగి వచ్చింది.

కాబట్టి నువ్వు రైతువైతే రేటు మాట్లాడే రోజే పెద్దల కూలి లెక్కగట్టి అడుగు. తల్లివో తండ్రివో అయితే అడ్వాన్సు తీసుకునే ముందు బిడ్డ ముఖం చూడు. కొనేవాడివైతే అడగడం నేర్చుకో. తెలియక చేసింది అవిద్య. తెలిశాక ముఖం తిప్పుకోవడం మాత్రం మనం కోరి చేసే కర్మ.