కడుపు కోత – విశ్వాసి లెక్క

చదువవలసిన భాగములు: లూకా 14:28–30, యోహాను 9:1–3



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట సంఘములోని సహోదరి యొకతె వెనుక నిలిచి, “అయ్యగారూ, బరువు తగ్గేదానికి కడుపు ఆపరేషన్ చేయించుకుంటే పాపమా?” అని అడిగెను. ఆమెకు చక్కెర వ్యాధి కలదు. మోకాళ్ల నొప్పిచే మోకరించి ప్రార్థింపజాలదు. మేము ఆలోచింపకయే, “ఉపవాసముండమ్మా, నాలుకను అదుపులో పెట్టుకో” అంటిమి. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ రాత్రి మా మాట మమ్మునే పొడిచెను.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, ఇది ఎవరి పాపమని ప్రభువును అడిగిరి గదా! మేమును అట్లే చేసితిమి. తిండిబోతుతనము పాపమే. అయితే లావైన ప్రతివారును తిండిబోతులు కారు. వంశము, కొన్ని మందులు, కొన్ని వ్యాధులు, ఒంటికి పని లేకపోవుట, ఇవన్నియు కారణములే. ఒకే కుండలోని సంగటి తిని పెరిగిన అక్కచెల్లెండ్రలో ఒకతె సన్నముగాను, ఒకతె లావుగాను ఉండుట మన కొండాపురము ఇండ్లలో చూడమా?

మరి కోత అవిశ్వాసమా? హిజ్కియా రాజు బాగుపడునని దేవుడు సెలవిచ్చిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయించెను. మన పెద్దలును ప్రార్థించియే జమ్మలమడుగు క్యాంబెల్ మిషన్ ఆసుపత్రికి పోయిరి. మందు విశ్వాసమునకు శత్రువు కాదు. అయితే గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను. ఆ లెక్క ఇక్కడను అవసరమే.

ఈ కోతలలో ముఖ్యమైనవి రెండు. స్లీవ్ అను దానిలో కడుపు సంచిలో ముప్పాతిక వంతునకు పైగా కోసి తీసివేయుదురు. బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రము ఉంచి, దానిని క్రింది ప్రేగునకు కలుపుదురు. కడుపునకు పట్టీ వేయు పద్ధతి మరియొకటి కలదు గాని, అనేకులకు మరల తీయవలసివచ్చినందున అది ఇప్పుడు అరుదైనది. చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయుట వేరు. అది చక్కెర వ్యాధికి చికిత్స కాదు.

ఫిన్లాండు దేశములో 240 మందికి ఈ రెండు కోతలలో ఒక్కొక్కటి చేసి, పదియేండ్ల ఫలితములను 2022లో ప్రకటించిరి. ఉండవలసినదానికంటె 40 కిలోలు ఎక్కువ యున్నవారి లెక్కన చూచినయెడల, స్లీవ్ వలన సుమారు 17 కిలోలును, బైపాస్ వలన సుమారు 20 కిలోలును తగ్గినట్లు. చక్కెర వ్యాధి విషయములో గొప్ప భేదము కనబడలేదు. అయితే అన్నవాహికలో పుండువంటి వాపు స్లీవ్ వారిలో నూటికి 31 మందికిని, బైపాస్ వారిలో 7 గురికిని కనబడెను. కనుక ముందే పులిత్రేనుపులు, గుండెమంట గలవారికి స్లీవ్ అంత మంచిది కాదు. బైపాస్ చేయించుకొనినవారు తీపి తినిన వెంటనే కొందరికి చెమటలు, తల తిరుగుట కలుగును. ఇనుము, సున్నము, బి-12 మాత్రలు జీవితాంతము తీసికొనవలెను. ఏ కోతకైనను కొంత ప్రాణాపాయము ఉండనే యున్నది. అయినను స్వీడనులో 1987లో మొదలైన దీర్ఘ పరిశోధనలో, కోత చేయించుకొననివారికంటె చేయించుకొనినవారిలో మరణములు తక్కువగా నుండెను.

దీనివలన మనము నేర్చుకొనునదేమి? ఏ కోతయు మొత్తము బరువును తీసివేయలేదు. కొందరికి కొంత తిరిగి వచ్చును. కత్తి కడుపును చిన్నది చేయును గాని, మనుష్యుని బదులు భోజనపు బల్లయొద్ద కూర్చుండదు. ఆశానిగ్రహము ముందు ఎంత అవసరమో తరువాతను అంతే అవసరము. కనుక కోత సోమరి మార్గము కాదు, రక్షణ మార్గమును కాదు. అది ఒక సహాయము మాత్రమే.

సంఘమునకును ఇందులో పని కలదు. పెండ్లి విందులో “ఇంకొంచెము పెట్టించుకో” అని బలవంతపెట్టుట మనకు మర్యాద. కోత చేయించుకొనినవారికి ఆ మర్యాదయే బాధ. లావును బట్టి పేర్లు పెట్టి నవ్వుట మనకు వేడుక. దేవుని ఆలయమైన శరీరమును ఎగతాళి చేయుట వేడుకయా?

మేము ఆ సహోదరి యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఏ కోత మేలో, అసలు కోత వలయునో వద్దో, వైద్యునితో కూర్చుండి ఆమెయే తేల్చుకొనును. ఆమె ఏ మార్గమున పోయినను, తోడు నడుచుటయే మన వంతు. ప్రభువు మన నాలుకలకు కూడ ఉపవాసము నేర్పునుగాక. ఆమేన్.