మారనేరి నంబి వ్రణము

ఆళవందారులకు రాచపుండు లేచెను. ఆ బాధను ప్రసాదముగా తనకు అనుగ్రహింపుడని శిష్యులైన మారనేరి నంబి ప్రార్థించి స్వీకరించిరని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. నంబి ఊరి వెలుపలి కులమున జన్మించినవారు. చుట్టములు దరికి రారు, అగ్రహారము రానీయదు. పైని మానని వ్రణము. అట్టి వారికి అన్నోదకములు గొనిపోయి పరిచర్య చేసినవారు పెరియనంబి, భగవద్రామానుజులకు పంచసంస్కారము లొనర్చిన ఆచార్యులు. నంబి పరమపదించిన పిదప అంత్యసంస్కారమును కూడ ఆయనయే నిర్వర్తించిరి. బంధువులు వెలివేసిరి. జటాయువునకు సంస్కారము చేసిన శ్రీరాముని కంటె తాను గొప్పవాడా యని ఆయన రామానుజులతో అనిరట. వెలివేసిన ఆ వీధికి శ్రీరంగనాథుని రథము రాగా, పెరియనంబి కుమార్తె అత్తుళాయి ఆనబెట్టి నిలిపెననియు చెప్పుదురు.

ఈ కథ చెప్పువారు సంస్కార వివాదమునే విస్తరింతురు. అన్నము గొనిపోయిన ముచ్చటను ఒక్క మాటతో దాటింతురు. రోగికి ముందు కావలసినది అన్నమే గదా!

కుష్ఠరోగమునకు పట్టిన గతియు ఇట్టిదే. సాంబుడు తండ్రి శాపముచే కుష్ఠియై, సూర్యోపాసనచే స్వస్థుడయ్యెనని పురాణము. లోకము శాపమును జ్ఞాపకముంచుకొని స్వస్థతను మరచినది. ఈ రోగమునకు సూక్ష్మజీవి కారణమని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. చికిత్స పొందని రోగితో చిరకాలము దగ్గరగా మసలినగాని ఇది సామాన్యముగా అంటదు. 1982 నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చినది. రోగమును బట్టి ఆరు మాసములో, సంవత్సరమో మందు మ్రింగవలెను. మందు మొదలిడిన కొలదికాలములోనే అంటుట ఆగిపోవును. అయినను 2023లో మన దేశమున లక్షకు పైగా కొత్త రోగులు తేలిరి.

మచ్చను దాచుట ఇందుకొక ముఖ్య హేతువు. స్పర్శ తెలియని మచ్చ కనబడిన కోడలు ఎవరితో చెప్పుకొనును? 1955 నాటి హిందూ వివాహ చట్టము కుష్ఠమును విడాకులకు కారణముగా నుంచినది. 2019లో గాని దానిని తొలగింపలేదు. రోగులను వేరుచేసి యుంచుటకై 1898లో చేసిన చట్టము 2016 వరకు నిలిచినది. చట్టములు పోయినను వేరు కంచము, వేరు చాప పోలేదు. వానికి వెరచి ఆమె చీరచెరగు కప్పుకొని తిరుగును. ఆ లోపల నరములు చచ్చి వ్రేళ్లు వంకరవోవును, ప్రక్కలో పరుండు పసిబిడ్డకును అంటవచ్చును. ఇంటివారు వెలికి జంకనిచో ఆమె మొదటి మాసముననే చెప్పియుండును.

మందుపట్టీలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున ఉచితముగా నిత్తురు. కోడలిని అచటికి తోడ్కొనిపోవలసినది అత్తగారు; తిరిగి వచ్చినపుడు అందరి పంక్తిలోనే ఆమెకు విస్తరి వేయవలసినదియు ఆమెయే.